పంటి గార – నిమ్మచెక్క పాఠం

ఈ ఏటి సావనీరుకు ఏదైనా ఒక సైన్సు వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం వారు వచ్చి అడిగినప్పుడు, "క్వాంటమ్ సిద్ధాంతం గురించి రాయమంటారా, కర్బన రసాయనం గురించి రాయమంటారా?" అన్నాను. సెక్రటరీ కుర్రాడు తల గోక్కుని, "అందరూ చదివేది రాయండి సార్" అన్నాడు. పిల్లవాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. సావనీరులో వ్యాసాలు చదివేవారికంటే గ్రూప్ ఫోటోలో తమ ముఖం ఎక్కడుందో వెతుక్కునేవారే ఎక్కువ. నేనూ ఒకప్పుడు అదే పని చేశాను. ఆ మాట అనుకోగానే రాయవలసిన విషయం దొరికింది.

ఫోటోలో మూసిన నోరు

1987లో మా బి.యస్సీ. ఆఖరి సంవత్సరం గ్రూప్ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. రెండో వరుసలో ఎడమనుంచి నాలుగోవాణ్ణి నేను. ఫోటోగ్రాఫరు "నవ్వండి" అనగానే అందరూ పళ్ళు కనబడేలా నవ్వారు. నేనొక్కణ్ణే పెదవులు బిగించి, ఎవరిమీదో కోపం వచ్చినవాడిలా నిలబడ్డాను. కోపమేమీ లేదు. నా పళ్ళు గోధుమరంగు చారలతో, అక్కడక్కడ సుద్దమచ్చలతో ఉండేవి. అందుకని నవ్వు వచ్చినా చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోయింది.

మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు ఒక పల్లె. మా వైపు పళ్ళను పండ్లంటారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ నా పండ్ల గురించి నాకు తెలియనే తెలియదు. ఊరందరివీ అలాంటివే కదా! హాస్టల్లో చేరిన రెండోరోజు ఒక సీనియరు, "ఏం తమ్మీ, మీ ఊళ్ళ పండ్లు తోముకునే రివాజు లేదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆయన కూడా తర్వాత నాకు మంచి స్నేహితుడే అయ్యాడనుకోండి. కాని ఆ రాత్రినుంచి నా పళ్ళమీద ఉన్నది గార అనీ, అది నా బద్ధకంవల్ల పేరుకున్నదనీ గట్టిగా నమ్మాను.

ఇక చూడండి, వైద్యం మొదలైంది. పొద్దున్నే నిమ్మచెక్కకు ఉప్పు అద్ది పళ్ళు రుద్దడం. సాయంత్రం మెస్సులో వంటాయన ఇచ్చిన తినేసోడా. ఆదివారంనాడు మెత్తగా నూరి వస్త్రకాయం పట్టిన ఇటుకపొడి. మొదటివారం పళ్ళు తెల్లబడ్డట్టే కనిపించాయి. ఉత్సాహం పెరిగి రుద్దుడూ పెరిగింది. రెండోనెలకు చల్లని నీళ్ళు తాగితే జివ్వుమనడం మొదలైంది. ఆరునెలలకు మజ్జిగ తాగినా ప్రాణం జివ్వుమనేది. గోధుమ చారలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా మిగిలిన భాగం కూడా పచ్చబడింది. కుడిచేత్తో బలంగా తోమేవాణ్ణి కనుక ఎడమవైపు కోరపన్ను, దాని పక్క పన్ను చిగురు దగ్గర గాడిపడి, గోరు పెడితే ఆగేంత లోతు అయ్యాయి. ఆ గాళ్ళను ఇప్పటికి రెండుసార్లు పూడ్పించుకున్నాను. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు పెద్దలు. నేను ఇటుకరాయిని ఎంచుకున్నాను.

ఇంత పాతకథ ఇప్పుడెందుకంటే, మొన్న మొన్న జరిగిన ఒక సంఘటన చెప్పాలి. మా ల్యాబ్ అటెండరు వచ్చి, ఫలానా అబ్బాయి హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలోంచి కొంచెం చిన్న బుడ్డిలో పోసివ్వమని బతిమాలుతున్నాడని చెప్పాడు. పిలిచి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "వచ్చేవారం క్యాంపస్ ఇంటర్వ్యూ ఉంది సార్. పళ్ళు తెల్లబడతాయని ఫోన్లో వీడియోలో చూశాను" అన్నాడు. అన్నంతసేపూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. ఏ ఊరు బాబూ అని అడిగాను. మా పక్క మండలమే.

ల్యాబ్ సీసాలో ఉన్నది 30 శాతం ద్రావణం. అది చేతిమీద ఒక్క చుక్క పడితేనే చర్మం తెల్లగా పాలిపోయి మండుతుంది. చిగుళ్ళమీద పూసుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఆ రోజు వాడికి చెప్పిన పాఠమే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

పాచి, గార, మరక – మూడూ ఒకటి కావు

మన భాషలో ఈ మూడు మాటలూ విడివిడిగానే ఉన్నాయి. మనమే కలిపేసి వాడుతున్నాం.

పాచి అంటే పంటిమీద పట్టే మెత్తని, జిగురు పొర. అన్నం మెతుకులు అంటుకోవడంవల్ల వచ్చేది కాదది. సూక్ష్మజీవులు గుంపులుగా కట్టుకున్న ఊరు. దీన్ని మొదట చూసినవాడు హాలండ్ దేశంలోని డెల్ఫ్ట్ పట్టణపు లేవెన్ హుక్. తాను రోజూ ఉప్పుతో పళ్ళు తోముకుంటానని, అయినా పళ్ళ సందుల్లో తెల్లని పిండిలాంటిది మిగులుతుందని, దాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే కదిలే చిన్న జీవాలు కనిపించాయని 1683 సెప్టెంబరులో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన వెనిగర్ తో కూడా పరీక్షించాడు. బయట తేలుతున్న జీవాలు చచ్చాయి గాని, పాచి ముద్ద లోపల ఉన్నవి చావలేదు. పుక్కిలించినంత మాత్రాన పాచి పోదన్న సంగతి మూడువందల ఏళ్ళ కిందటే తేలిపోయిందన్నమాట. పాచి వదలాలంటే రుద్దవలసిందే. అయితే మెత్తగా రుద్దితే చాలు.

గార అంటే ఆ పాచే రాయిగా మారినది. మన లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు పుష్కలంగా ఉంటాయి. తియ్యకుండా వదిలేసిన పాచిలో ఇవి స్ఫటికాలుగా దిగి గట్టిపడతాయి. కొందరిలో ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది, కొందరిలో రెండు వారాలు పడుతుంది. లాలాజలం నోట్లోకి దిగే గొట్టాల ముందున్న పళ్ళకే గార ఎక్కువ పడుతుంది: కింది ముందుపళ్ళ లోపలివైపు, పై దవడపళ్ళ బుగ్గవైపు. అద్దంలో చూసుకోండి, అక్కడే కనబడుతుంది. గోడకు పూసే సున్నపు మెత్తును కూడా మనవాళ్ళు గార అనే అంటారు. గోడగార కాల్షియం కార్బొనేటు, పంటిగార ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటు. పేరు పెట్టినవారెవరో గాని రసాయన శాస్త్రం చదవకుండానే సరైన పేరు పెట్టారు.

ఇక మరక. ఇది రెండు రకాలు. కాఫీ, టీ, తాంబూలం, పొగాకు వంటివి పంటి పైపొరమీద వేసే రంగు బయటి మరక. పన్ను తయారయ్యేటప్పుడే దాని లోపల పడిపోయిన రంగు లోపలి మరక. చిన్నతనంలో టెట్రాసైక్లిన్ మందు వాడినవారికి వచ్చే బూడిదరంగు, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగినవారికి వచ్చే గోధుమరంగు ఈ రెండో రకం. బయటి గోడమీద మురికిని కడగవచ్చు. ఇటుకలోనే కలిసిన రంగును కడిగితే ఇటుక అరుగుతుంది గాని రంగు పోదు. నేను ఆరునెలలు చేసింది ఆ పనే.

గార కరిగితే పన్నెందుకు కరగదు?

అసలు పాఠం ఇక్కడుంది. పంటి పైపొర పింగాణీ. శరీరంలో దీనికన్నా గట్టి పదార్థం లేదు. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. దాని ఒక్కో యూనిట్ లో 10 కాల్షియం, 6 ఫాస్ఫేటు, 2 హైడ్రాక్సిల్ అయానులుంటాయి. గారలో ఉండే ఖనిజాలలో కూడా ముఖ్యమైనది ఈ హైడ్రాక్సీ అపటైటే! మిగిలినవి దాని దాయాదులైన ఇతర కాల్షియం ఫాస్ఫేటులు. అంటే గారను కరిగించగల ఆమ్లం ఏదైనా సరే, పంటినీ కరిగిస్తుంది. "గారను మాత్రమే కరిగించి పంటిని వదిలేసే రసం" అనేది రసాయన శాస్త్రంలో కుదిరే బేరం కాదు. ఆమ్లానికి ఇది గార, ఇది పన్ను అని తెలియదు.

నోట్లో పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే తగ్గితే పింగాణీ ఖనిజం కరగడం ప్రారంభిస్తుంది. నిమ్మరసం పి.హెచ్. సుమారు 2 నుంచి 2.5. పి.హెచ్. కొలతలో ఒక్క మెట్టు దిగితే ఆమ్లత్వం పదిరెట్లు పెరుగుతుందని ఇంటర్మీడియట్ లోనే చదువుకున్నాం. మూడు మెట్లంటే వెయ్యిరెట్లు. దానికితోడు నిమ్మలోని సిట్రిక్ ఆమ్లానికి కాల్షియాన్ని పట్టి లాగే గుణం కూడా ఉంది.

అయితే మొదటివారం పళ్ళు తెల్లబడ్డట్టు ఎందుకు కనిపించాయి? ఆమ్లం పైపొరతోపాటు దానిమీది కాఫీ, టీ మరకను కూడా తీసుకుపోతుంది. ఆపైన మిగిలిన పింగాణీ ఉపరితలం గరుకెక్కి, సుద్దలా వెలుతురును చెదరగొట్టి తెల్లగా కనిపిస్తుంది. నునుపైన గాజుపలక తెల్లగా ఉండదు, సానపట్టి గరుకు చేస్తే తెల్లగా కనిపిస్తుంది కదా! ఇదీ అంతే. ఆ గరుకు మీద కొత్త మరకలు మరింత తొందరగా పడతాయి. పింగాణీ కొంతవరకు వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాని కింద ఉండే డెంటీను సహజంగా పసుపురంగు. పింగాణీ పలచబడేకొద్దీ లోపలి పసుపు బయటికి కనిపిస్తుంది. తెల్లబరచాలని మొదలుపెట్టి పచ్చబరచుకున్నానంటే ఇందుకే. ఆ డెంటీనులో సన్నని నాళికలు వేలకొద్దీ ఉంటాయి. వాటి నోళ్ళు తెరుచుకుంటే చల్లదనానికి లోపలి ద్రవం కదిలి నరాన్ని తాకుతుంది. జివ్వుమనేది అప్పుడే.

చర్మం గీసుకుపోతే మళ్ళీ వస్తుంది. ఎముక విరిగితే అతుకుతుంది. పింగాణీని తయారుచేసిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేనాటికే పోయి ఉంటాయి. అందుచేత అరిగిన పింగాణీ మళ్ళీ పెరగదు. లాలాజలంలోని ఖనిజాలు, పేస్టులోని ఫ్లోరైడు కలిసి మెత్తబడిన పొరను కొంత గట్టిచేయగలవు. పూర్తిగా ఊడిపోయిన పొరను తిరిగి తేలేవు.

వంటింటి చిట్కాలు – ఒక్కొక్కటిగా

పెరటివైద్యం అంతా చెడ్డదని నేననను. మా అవ్వ వేపపుల్లతో తోముకునే డెబ్బై ఏళ్ళు బతికింది. కాని దేన్నయినా పరీక్షించి చూడాలి కదా!

నిమ్మరసం, వెనిగర్, చింతపండు పులుసు: పైన చెప్పినదే వీటన్నిటికీ వర్తిస్తుంది. తినడానికి పనికివస్తాయి. పళ్ళకు రుద్దడానికి పనికిరావు. పులుపు తిన్న వెంటనే బ్రష్ కూడా వేయకూడదు. పొర మెత్తబడి ఉంటుంది. నీళ్ళతో పుక్కిలించి కనీసం అరగంట ఆగండి.

తినేసోడా: ఇది మెత్తని పదార్థం, స్వభావానికి స్వల్ప క్షారం. బయటి మరకలను కొంత తీస్తుంది. పేస్టుల్లోనూ వాడతారు. ఎప్పుడైనా చిటికెడు వాడితే పెద్ద హానిలేదు గాని, గారను ఇది కదల్చలేదు. ఫ్లోరైడ్ పేస్టు మానేసి దీన్నే వాడితే పుచ్చునుంచి రక్షణ పోతుంది.

నిమ్మరసంలో తినేసోడా: ఫోన్ వీడియోల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. బుసబుస పొంగుతుంది, చూసేవాళ్ళకు ఏదో శుభ్రపడుతున్నట్టు ఉంటుంది. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు, అంతే. లెక్క చూడండి: ఒక గ్రాము సోడా 0.76 గ్రాముల సిట్రిక్ ఆమ్లాన్ని తటస్థపరుస్తుంది. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం 5, 6 శాతం ఉంటుందనుకుంటే, మూడు చిన్నచెంచాల రసానికి గ్రాము సోడా కావాలి. సోడా సరిపోతే రెండూ ఒకదాన్నొకటి చంపుకుని సోడియం సిట్రేటు, నీళ్ళు మిగులుతాయి, ఉపయోగం లేదు. సోడా చాలకపోతే ఆమ్లం మిగులుతుంది, హాని ఉంది. ఎటుచూసినా లాభం లేని వ్యాపారం. స్ట్రాబెరీ ముద్దలో సోడా కలిపి వాడే చిట్కాను అమెరికాలోని అయోవాలో పరిశోధకులు ఊడతీసిన పళ్ళమీద పరీక్షించి, పళ్ళు నిజంగా తెల్లబడవని 2014లో ప్రకటించారు.

ఉప్పు: గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే వాచిన చిగుళ్ళకు కాస్త హాయి. అది మంచిదే. రాళ్ళ ఉప్పు వేలితో రుద్దితే మాత్రం చిగుళ్ళు చీరుకుపోతాయి.

నూనె పుక్కిలించడం: ఆయుర్వేదంలో గండూషం అనేది ఉంది. 1990ల్లో మన తెలుగునాట నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనెలతో ఇది ఇంటింటా జరిగింది. పాచి కొంత తగ్గుతుందని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. మింగకుండా ఉమ్మేస్తే హానిలేదు. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే మాత్రం ప్రమాదం. పసిపిల్లలచేత, మింగడం కష్టమైన ముసలివారిచేత చేయించకూడదు. ఎన్నాళ్ళు పుక్కిలించినా గట్టిపడ్డ గార మాత్రం రాలదు.

వేపపుల్ల, కానుగపుల్ల: సుశ్రుతుడు చేదు పుల్లల్లో వేపను, కారపు పుల్లల్లో కానుగను మేలైనవిగా చెప్పాడు. చరకుడు ఇంకో ముఖ్యమైన మాట చెప్పాడు: చిగుళ్ళకు దెబ్బ తగలకుండా తోమాలని. కొసను బాగా నమిలి మెత్తని కుంచెలా చేసుకుని వాడితే పుల్ల మంచి పనిముట్టే. నమలకుండా గట్టి పుల్లతో అడ్డంగా గీకితే చిగుళ్ళు కిందికి జారతాయి. వేపపుల్లలో ఫ్లోరైడ్ రక్షణ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

హైడ్రోజన్ పెరాక్సైడ్: పళ్ళను తెల్లబరిచే గుణం నిజంగా ఉన్నది దీనికే. దంతవైద్యులు వాడేది కూడా ఇదే, లేదా దీన్ని విడుదలచేసే కార్బమైడ్ పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్లు సుమారు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడుకు సమానం. దాన్ని పంటి అచ్చుకు సరిపోయే తొడుగులో పెట్టి వాడే పద్ధతి 1989లో వెలువడింది. రంగు అణువులను ఆక్సీకరించి తెల్లబరుస్తుంది గాని, గారను తీయదు. యూరప్ దేశాల్లో 2011నాటి నిబంధన ప్రకారం 0.1 శాతం దాటినదాన్ని నేరుగా జనానికి అమ్మరాదు. 6 శాతం వరకు దంతవైద్యుడి ద్వారానే, అదీ 18 ఏళ్ళు నిండినవారికే. మందులషాపులో దొరికే "20 వాల్యూముల" సీసా సుమారు 6 శాతం. మన ల్యాబ్ సీసా దానికి అయిదురెట్లు. ఆ అబ్బాయి అడిగింది ఎంత ప్రమాదమో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

గట్టిదానితో రుద్దితే

మన భూగర్భశాస్త్ర మిత్రులకు మోస్ కొలబద్ద బాగా తెలుసు. 1812లో జర్మను ఖనిజ శాస్త్రవేత్త మోస్ ఏర్పరచినది. ఎక్కువ అంకె ఉన్నది తక్కువ అంకె ఉన్నదాన్ని గీస్తుంది. పింగాణీ సుమారు 5. తినేసోడా, ఉప్పు రెండున్నర చిల్లర. ఇసుకలో, ఇటుకపొడిలో ఉండే క్వార్ట్జ్ 7. ఇక చెప్పేదేముంది? ఇటుకపొడితో తోమడమంటే పంటికి ఉప్పుకాగితం పట్టడమే. ఊకబూడిద నిండా సిలికాయే. కచిక బూడిదలో, బొగ్గుపొడిలో ఇసుకరేణువులు ఎన్ని కలిశాయో ఎవరూ చెప్పలేరు. పైగా చిగురు దగ్గర పింగాణీ అతి పలచన, దాని కింద వేరుమీద అసలే ఉండదు. గాళ్ళు పడేది అక్కడే.

ఇప్పుడు బొగ్గు మళ్ళీ కొత్త వేషంలో, నల్లని పేస్టుగా, మంచి డబ్బాలో వచ్చింది. బొగ్గు దంతచూర్ణాల గురించిన పరిశోధనలన్నీ పరిశీలించి, అవి క్షేమమనిగాని ఉపయోగమనిగాని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

పొగాకు కలిసిన పళ్ళపొడి మాట కూడా చెప్పాలి. పొగాకు కలిపిన పేస్టులను, పళ్ళపొడులను మన కేంద్రప్రభుత్వం 1992లోనే నిషేధించింది. అయినా పల్లెల్లో కొందరు ఆడవాళ్ళు "పంటినొప్పి తగ్గుతుంది" అని పొగాకుపొడి, నస్యం రుద్దుకుంటూనే ఉన్నారు. నొప్పి తగ్గినట్టుంటుంది, అది మత్తు. చివరికి మిగిలేది అలవాటు, ఆపైన పుండు. నోట్లో ఏ పుండయినా రెండువారాల్లో మానకపోతే తప్పక చూపించుకోవాలి.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయట!"

మరి గార పోయే దారి ఏమిటి? ఒక్కటే దారి: దానిని పంటినుంచి విడదీయాలి. కరిగించడం కాదు, పెకలించడం. దంతవైద్యుల దగ్గర ఉండే పరికరం కొస సెకనుకు పాతికవేల సార్లు, ఆపైన కంపిస్తుంది. ఆ కంపనానికి గార పెళ్ళలు పెళ్ళలుగా ఊడివస్తుంది. చిగురు కింద దాగిన నల్లగార మరీ ప్రమాదకరం. దాన్ని ఏ నిమ్మరసమూ చేరలేదు. ఆ గరుకుమీద పాచి ఊళ్ళు కట్టి, చిగురు వాచి, రక్తం కారి, క్రమంగా పంటిని పట్టుకున్న ఎముకను తినేస్తుంది.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి" అనేది మన ఇళ్ళల్లో గట్టిగా వినిపించే మాట. మా నాయిన ఈ భయంతోనే యాభై అయిదేళ్ళ వయసుకు కింది పళ్ళన్నీ పోగొట్టుకున్నాడు. ఆలోచించి చూడండి. గోడలో ఇటుకలు ఊడిపోయిన చోట మట్టి గట్టిగా పేరుకుని ఉంటే గోడ నిండుగానే కనబడుతుంది. మట్టి తీయగానే కంత బయటపడుతుంది. కంత చేసింది మట్టి తీసినవాడా? ఎముక అప్పటికే తగ్గి పన్ను వదులై ఉంటుంది. గార దాన్ని పక్కపంటితో కలిపి కట్టుకట్టినట్టు పట్టి ఉంచుతుంది. కట్టు తీయగానే అసలు స్థితి తెలుస్తుంది. తొందరగా తీయిస్తే ఆ స్థితే రాదు. తీయించిన తర్వాత కొన్నిరోజులు జివ్వుమనడం మామూలే, తగ్గిపోతుంది.

పిన్నీసులతో, సూదులతో, ఆన్ లైన్లో తెప్పించుకున్న ఇనప కొంకెలతో అద్దం ముందు నిలబడి గార గీక్కోవడం మాత్రం వద్దు. చిగురు తెగుతుంది, పింగాణీ గీతలు పడుతుంది, లోపలి గార అలాగే ఉంటుంది. రోడ్డుపక్కన సీసాలో ద్రవం ముంచి దూదితో తుడిచి నిమిషంలో తెల్లబరుస్తాననేవారి దగ్గరికి అసలే పోవద్దు. నిమిషంలో తెల్లబరిచేది ఆమ్లం తప్ప మరేమీ కాదు.

మా నీళ్ళ మరక

మళ్ళీ మా ఊరికి వస్తాను. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరికి 1901లో వెళ్ళిన మెకే అనే యువ దంతవైద్యుడు, అక్కడ పుట్టిపెరిగినవారి పళ్ళు గోధుమరంగుగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. కారణం నీళ్ళలోనే ఉండాలని ఏళ్ళతరబడి వెంటపడ్డాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ కారణం ఫ్లోరైడ్ అని కనుక్కున్నాడు. మనదేశంలో ఫ్లోరోసిస్ ను 1937లో మొదట వివరించినది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. అంటే ఇది మన తెలుగుగడ్డ మీదనే మొదట బయటపడ్డ జబ్బు. నల్లగొండ పేరు తర్వాత ఎంత మోగిందో అందరికీ తెలుసు. నీళ్ళలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడును తీసే పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అనే పేరు వచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నదినీళ్ళు ఊళ్ళకు చేరాయి. పుట్టబోయే పిల్లల పళ్ళు తెల్లగా ఉంటాయని ఆశ.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అంతకు మించిన నీళ్ళు పంటి పింగాణీ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపున తాగితే మరక పొరలోనే పడుతుంది. అది మురికి కాదు, బద్ధకం కాదు, అలవాటు దోషం కాదు. బావిలో నీళ్ళు రాసిన రాత. దాన్ని రుద్దితే పోదు. ఇంకో అపోహ కూడా ఉంది: మా వైపు చాలామంది ఫ్లోరైడ్ పేస్టు వాడితే మరక పెరుగుతుందని భయపడతారు. పన్ను పూర్తిగా తయారైన పెద్దవారికి పేస్టువల్ల అలా జరగదు. మింగే వయసు పిల్లలకు మాత్రం బియ్యపుగింజంతే పెట్టి, ఉమ్మించాలి.

ఈ మరకకు వైద్యం లేకపోలేదు. దంతవైద్యులు చిగురును రబ్బరు తెరతో కప్పి, ఆమ్లం, మెత్తని సానపొడి కలిపిన ముద్దతో పైపొరను అతి కొద్దిగా తీస్తారు. తర్వాత అవసరమైతే పెరాక్సైడ్, లేదా పంటిరంగు పూత. "వాళ్ళూ ఆమ్లమే వాడుతున్నారు కదా సార్!" అన్నాడు ఆ అబ్బాయి. మంచి ప్రశ్న. తేడా ఆమ్లంలో లేదు, కొలతలో ఉంది. ఎంత గాఢత, ఎన్ని సెకన్లు, ఎంత పొర పోతుంది అనేది వారికి తెలుసు. వారు ఆ పని చేసేది ఒకటి రెండుసార్లు. నేను ఆరునెలలు చేశాను. టైట్రేషన్ లో ఒక్క చుక్క ఎక్కువైతే రీడింగు పోతుందని మీకు రోజూ చెబుతాం కదా, పంటికీ అదే సూత్రం.

చేయవలసినవి

1. రోజుకు రెండుసార్లు, మెత్తని బ్రష్ తో, ఫ్లోరైడ్ పేస్టుతో, రెండు నిమిషాలు. బలం వద్దు, ఓపిక కావాలి. రాత్రి పడుకునేముందు తోముకోవడం మరీ ముఖ్యం.

2. పళ్ళ సందులు దారంతో గాని, సందు బ్రష్ తో గాని శుభ్రం చేసుకోండి.

3. గార తగ్గిస్తామనే పేస్టులు కొత్తగార పట్టడాన్ని కొంత ఆలస్యం చేస్తాయి. పాతది తీయవు.

4. చిగుళ్ళ రక్తం, నోటి దుర్వాసన, జివ్వుమనడం, పన్ను కదలడం – వీటిలో ఏది కనిపించినా చిట్కాలు వెతకక దంతవైద్యుణ్ణి చూడండి. ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో తక్కువ ఖర్చుతో చేస్తారు.

5. ల్యాబ్ సీసాలు ల్యాబ్ లోనే ఉండాలి. ఇది మాస్టారుగా నా ఆజ్ఞ!

ఆ అబ్బాయిని ఆ మరునాడే దంతవైద్య కళాశాలకు తీసుకువెళ్ళాను. గార కొద్దిగా ఉంటే తీశారు. మరకకు తర్వాత నాలుగు దఫాలుగా వైద్యం చేయాలన్నారు. అంటే ఇంటర్వ్యూనాటికి పళ్ళు అలాగే ఉన్నాయి. "నోటికి చెయ్యి అడ్డం పెట్టకుండా మాట్లాడు, అంతే చాలు" అని పంపించాను. ఉద్యోగం వచ్చిందా అని మీరడుగుతారు. ఆ కంపెనీలో రాలేదు. ఆ తర్వాత వచ్చిన ఇంకోదాంట్లో వచ్చింది. పళ్ళకూ ఆ రెండింటికీ సంబంధం ఉందని నేననుకోను.

ఈ సావనీరులో వాళ్ళ తరగతి గ్రూప్ ఫోటో ఉంది. ఫోటోగ్రాఫరు "నవ్వండి" అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. వాడు నా వైపు ఒకసారి చూసి, చెయ్యి కిందికి దించి నవ్వాడు. వాడెక్కడున్నాడో నేను చెప్పను. మీరు వెతికినా కనుక్కోలేరు. నవ్వే ముఖాలన్నీ ఒకేలా ఉంటాయి.

– రసాయన శాస్త్ర శాఖ